గురువారం పూట అంగడి మూసుకుంటే ఏమవుతుంది?

కర్నూలు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. రెడీమేడ్ బట్టల అంగడి, వయసు 36. పొద్దున తొమ్మిదికి షట్టర్ ఎత్తితే రాత్రి పదిన్నరకు దించుతాడు. ఇంటికి పోయి ఇంత అన్నం తిని మళ్లీ లెక్కల ముందు కూర్చుంటే పన్నెండు. భార్య, ఇద్దరు పిల్లలు, వాళ్లమ్మ. పెళ్లయిన కొత్తలో నెలకో గురువారం మంత్రాలయం పోయి రాఘవేంద్రస్వామి బృందావనానికి ప్రదక్షిణలు చేసి వచ్చేవాళ్లట. రెండేళ్లుగా పోలేదు. చిన్నోడికి ఏమన్నా కావాలంటే 'అంగడికి పోయి నాయన్ని అడుగుదాం' అంటాడట గానీ 'నాయన ఇంటికొచ్చినాక అడుగుదాం' అనడట. అది చెప్పి, 'దేవుడికీ ఇంటికీ టైమ్ ఎట్లా మిగిల్చుకోవాల? తొందరగా మూస్తే బేరం పోదా?' అని అడిగాడు.

తమ్ముడూ, నేను ప్రొద్దుటూరులో ఆడిటర్‌ను. 31 ఏళ్లుగా బంగారు అంగళ్లు, బట్టల అంగళ్లు, పత్తి మిల్లుల లెక్కలు చూస్తున్నాను. ప్రవచనం చెప్పేంత చదువు నాకు లేదు. లెక్కల మనిషిగా నాకు కనపడింది చెప్తాను.

నీ ప్రశ్నలో 'మిగిల్చుకోవడం' అన్న మాట దగ్గరే నాకు పేచీ. అంగట్లో టైమ్ మిగలడం నేనెప్పుడూ చూడలేదు. గోనెసంచి లాంటిది అది, ఎంత పోసినా పడుతుంది. తొమ్మిదికి మూసే అంగడికి తొమ్మిది దాకా పనుంటుంది, పదకొండుకు మూసే దానికి పదకొండు దాకా ఉంటుంది.

నా బల్ల మీది క్యాలెండర్లో కొన్ని తేదీలకు ఎర్ర సున్నాలు చుట్టి ఉంటాయి. నెలకు 11, 20, జీఎస్టీ రిటర్నులకు. ఏడాదికి జులై 31, సెప్టెంబర్ 30, ఇన్‌కంట్యాక్స్ గడువులు. జీఎస్టీఆర్-3బి, అంటే పన్ను లెక్క చూపి కట్టే రిటర్న్, ఒక్కరోజు ఆలస్యమైతే 50 రూపాయలు లేట్ ఫీజు. ఆ నెల లావాదేవీలేవీ లేకుంటే 20. ఆ యాభై రూపాయల కోసం లక్షలు తిప్పే మనుషులు రాత్రి పదకొండుకు మా ఇంటి తలుపు కొట్టిన రోజులున్నాయి. అదే మనిషిని 'పాప బడిలో మీటింగ్‌కు పోయినావా' అంటే 'మా ఇంటామె పోయింది సార్' అంటాడు. బడి మీటింగ్‌కు లేట్ ఫీజు లేదు మరి. గుడికి పోకపోతే స్వామి కూడా నోటీసు పంపడు. నీకు భక్తి తగ్గిందనీ, పిల్లల మీద ధ్యాస లేదనీ నేననుకోను. వాటికి తేదీ లేదు, అంతే. తేదీ లేని పని రేపటికి పోతుంది.

ఇది ఎవరినో చూసి చెప్పడం లేదు, నాకే జరిగింది. 2009 సెప్టెంబర్ 28, సోమవారం, విజయదశమి. దసరా అంటే మైసూరు తర్వాత మాదే అని మా ప్రొద్దుటూరు వాళ్లం చెప్పుకుంటాం. అమ్మవారిశాలలో, అంటే మా వాసవీ కన్యకాపరమేశ్వరి గుడిలో, రోజుకో అలంకారం, పండగ రాత్రి తొట్టి మెరవణి అనే ఊరేగింపు. ఆ ఏడు మా అమ్మ 'ఈసారి నువ్వే తోడుకొని పోరా, పిల్లోళ్లతో పోతే తోపులాటలో నిలబడలేను' అంది. సరేనన్నాను. అయితే 30వ తేదీ ట్యాక్స్ ఆడిట్ గడువు. అప్పట్లో 40 లక్షల అమ్మకాలు దాటితే ఆడిట్ చేయించాల్సిందే కాబట్టి ఓ మాదిరి అంగళ్లన్నీ మా దగ్గరికే వచ్చేవి. బల్ల మీద 19 ఫైళ్లు. అందులో ఒకటి మీ కర్నూలు పాతబస్తీలోని బట్టల అంగడిది, మా చిన్నమ్మ వాళ్ల ద్వారా వచ్చిన కేసు.

సాయంత్రం ఆరుకు ఇంటికి ఫోన్ చేసి ఏడుకు వస్తానన్నాను. ఏడుకు చేసి ఎనిమిదన్నాను. ఆ కర్నూలు అంగడి లెక్కలో కొన్న సరుకుకూ, అమ్మింది పోగా ఉన్న నిల్వకూ 11,400 రూపాయలు తేడా. ఎన్నిసార్లు కూడినా తేలదు. అది పట్టుకునేసరికి పదకొండు అయింది. ఇంటికి పోతే అమ్మ వీధి అరుగు మీద గోడకు ఆనుకొని నిద్రపోతా ఉంది. గంధం రంగు పట్టుచీర, కొంగు మడత కూడా నలగలేదు. పక్కన టెంకాయ, అరటిపండ్లు, పూలు పెట్టిన బుట్ట. పూలు వాడకుండా పైన తడిగుడ్డ కప్పింది, ఆ గుడ్డ ఎండిపోయి బిరుసెక్కింది. లేపితే, 'మెరవణి పోయిందిలే, మేళం వినపడింది' అంది. ఇంకేమీ అనలేదు. బుట్ట తీసుకొని లోపలికి పోయి టెంకాయ దేవుడి గూట్లో పెట్టి పడుకుంది.

నాలుగు రోజులకు, అక్టోబర్ 2న, తుంగభద్రా హంద్రీ కలిసి కర్నూలు ఊళ్లోకి వచ్చాయి. అప్పుడు నీకు ఇరవై ఏళ్లుంటాయి కాబట్టి ఆ సంగతి నేను చెప్పాల్సిన పని లేదు. నీళ్లు తీసినాక ఆ అంగడికి పోయినాను, బీమా వాళ్లకు లెక్కలు కావాలన్నారని. అటక మీద పెట్టినవి కూడా మునిగినాయి. చిట్టా, ఆవర్జా పుస్తకాలు బురద పట్టి ఇటుకల మాదిరి ఉబ్బి ఉన్నాయి. ఒకటి తెరవబోతే కాగితం కాగితంగా రాలేదు, పిండిముద్దలా చేతికొచ్చింది. సిరా అంతా కలిసి ఒకటే నీలం మరక. నేను పండగ పూట ఐదు గంటలు వెతికిన 11,400 ఆ మరకలో ఎక్కడో ఉంది. యజమాని మెట్ల మీద కూర్చొని, 'అందరం మిద్దె ఎక్కినాం సార్, అందరం ఉన్నాం' అన్నాడు. లెక్కల ఊసే ఎత్తలేదు.

నా పని దండగైందని చెప్పడానికి ఇది రాయడం లేదు. నేను సంతకం పెట్టిన రిపోర్టు కాపీ నా ఆఫీసులో పొడిగా ఉంది. అది చూపించే ఆయన బీమా డబ్బు కొంత రాబట్టుకున్నాడు. పని పనికొచ్చింది. కానీ ఆ రిపోర్టు 29న చేసినా అదే రిపోర్టు, 30న చేసినా అదే. మెరవణి మాత్రం 28 రాత్రే. మరుసటి దసరాకు అమ్మ మోకాళ్లు మెట్లెక్కే స్థితిలో లేవు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నేనూ మా తమ్ముడూ మోసుకొనిపోయినాం. ఆమె సిగ్గుతో తల వంచుకొనే ఉంది, మెరవణి ఎంత చూసిందో నాకు తెలియదు.

2010 జనవరి నుంచి శుక్రవారం సాయంత్రం ఆరుకు ఆఫీసు మూస్తున్నాను. ఆరున్నరకు నేనూ మా ఇంటామె అమ్మవారిశాలకు పోతాం, ఎనిమిదికి ఇల్లు చేరి అందరం కలిసి తింటాం. ఫోన్ ఆఫీసు సొరుగులోనే. మొదటి ఆర్నెల్లు రోజూ గొడవే. ఇద్దరు పెద్ద క్లయింట్లు వేరే ఆడిటర్ దగ్గరికి పోయినారు, అందులో ఒకటి పత్తి మిల్లు. ఆ ఏడాది నా రాబడిలో దగ్గర దగ్గర ఆరో వంతు తగ్గింది. మళ్లీ అక్కడికి రావడానికి రెండేళ్లు పట్టింది. దేవుడికి టైమిస్తే వ్యాపారం రెట్టింపవుతుందని నీకెవరైనా చెప్తే నమ్మొద్దు. నాకు తగ్గింది, నీకూ కొంత తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో లెక్క చూసుకొని దిగు.

ఆ లెక్క చూసేది ఎట్లాగంటే, నీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లో గంటల వారీ అమ్మకాల రిపోర్టు ఉంటుంది. మూడు నెలలది తీసి రాత్రి తొమ్మిది నుంచి పదిన్నర దాకా ఎన్ని బిల్లులు పడ్డాయో చూడు. జమ్మలమడుగులో నా క్లయింటు ఒకాయనకు నేనే దగ్గర కూర్చొని తీయించినాను. ఆ గంటన్నరలో సగటున నాలుగు బిల్లులు, 2,600 రూపాయలు. ఆయన మార్జిన్ 20 శాతం చొప్పున 520. అందులో ఇద్దరు పిల్లోళ్లకు రాత్రి టిఫినూ అదనపు కూలీ 200, ఏసీ, లైట్లు ఓ 60. పోగా 260. అది చూసి ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, 'అంటే సార్, పదేళ్లుగా రోజుకు 260కి నా రాత్రి అన్నం అమ్ముకున్నానా' అన్నాడు. నీ అంగడి లెక్క వేరేగా రావచ్చు. కొన్ని బజార్లలో సినిమా వదిలే టైముకు గిరాకీ ఉంటుంది. రిపోర్టు ఏం చెప్తే అది విను, నా మాట కాదు.

సీజన్ మాత్రం సీజనే. సంక్రాంతి, దసరా దీపావళి, మాఘం, వైశాఖం, శ్రావణం పెళ్లిళ్లు, మీ ఊళ్లో రంజాన్ నెల రాత్రి బేరం, ఈ రోజుల్లో తొమ్మిదికి మూసేస్తాననేవాడు బట్టల అంగడి పెట్టకూడదు. ఆ రోజులు అంగడివేనని ఇంట్లో ముందే చెప్పు. చెప్పి చేస్తే ఇంట్లోవాళ్లు ఓర్చుకుంటారు, 'ఈ ఒక్క వారం' అంటూ ఏడాదంతా లాగితేనే నీ మాట మీద నమ్మకం పోతుంది. దానికి బదులు మూఢం ఎప్పుడొస్తుందో పంచాంగంలో చూసి పెట్టుకో. ఆషాఢం సరేసరి. పెళ్లిళ్లు లేని రోజులు మన పెద్దోళ్లు ఊరికే ఇచ్చినారు. ఆషాఢం సేల్ అని బోర్డులు పెట్టి ఆ నెల కూడా మనమే పాడు చేసుకున్నాం.

రాత్రి పన్నెండు దాకా లెక్కలన్నావే, అది నా ఇలాకా. ఏడాదికి అమ్మకాలు 5 కోట్ల లోపు ఉంటే జీఎస్టీ రిటర్నులు మూడు నెలలకొకసారి వేసే పద్ధతి 2021 జనవరి నుంచే ఉంది. నెలనెలా అయితే ఏడాదికి జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్న్) పన్నెండు, 3బి పన్నెండు, మొత్తం 24. దీంట్లో ఎనిమిదే. మధ్యలో రెండు నెలలు 25వ తేదీ లోపల చలానా కడితే చాలు. ఎంత కట్టాలో పోర్టలే లెక్కేసి చూపిస్తుంది. పోయిన మూడు నెలల రిటర్న్ కూడా ఇదే పద్ధతిలో వేసుంటే, కొన్న సరుకు మీద కట్టిన పన్ను (క్రెడిట్) పోగా అప్పుడు రొక్కంగా కట్టిన పన్నులో 35 శాతం. నీది చిల్లర బేరం కాబట్టి నీ బిల్లు మీద క్రెడిట్ నెలనెలా కావాలని వెంటపడే వ్యాపారులు ఉండరు. నీ ఆడిటర్ ఇన్నాళ్లూ ఇది చెప్పకపోతే నువ్వే అడుగు (నెలనెలా ఫీజు పోతుందని మాలో కొందరికి చెప్పబుద్ధి కాదు). రోజువారీ ఎంట్రీలు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు లోపల, గిరాకీ ఉండని పొద్దులో, గుమాస్తాతో చేయించు. గల్లాపెట్టె లెక్క మాత్రం నువ్వే చూసుకో, పావుగంట పని. లెక్కల పుస్తకం ఇంటి గడప దాటి లోపలికి రాకూడదు.

ఇక దేవుడి సంగతి. ఇక్కడ మగవాళ్లం చేసే తప్పు ఒకటుంది. నా క్లయింటు ఒకాయనకు భక్తి ఎక్కువ. పౌర్ణమి పౌర్ణమికి అరుణాచలం పోయి గిరి ప్రదక్షిణ చేసి వస్తాడు, 14 కిలోమీటర్లు చెప్పుల్లేకుండా. మంచిదే. ఆ రెండు రోజులూ అంగట్లో కూర్చునేది ఎవరు? భార్య. పిల్లలకు వండి పెట్టి, బడికి పంపి, అంగడి తెరిచి, మూసి. ఒకసారి బిల్లుల కట్ట ఇవ్వడానికి వచ్చి నాతో అంది: 'ఆయప్పకు పుణ్యం, నాకు గల్లాపెట్టె.' ఆయనకు ఈ సంగతి నేను చెప్పలేదు, ఇప్పటికీ ఆ బరువు నా మీద ఉంది. దేవుడికిచ్చే టైమ్ అంగడి నుంచి కోయాలి. నిద్రలోంచి కోస్తే పది రోజుల్లో జబ్బు పడతావు, ఇంట్లోవాళ్ల టైములోంచి కోస్తే ఆ పుణ్యం లెక్క ఎవరి ఖాతాలో పడుతుందో నేను చెప్పలేను.

అందుకే ముందు మీ ఇంటామెను కూర్చోబెట్టి అడుగు, నీకేం కావాల అని. నువ్వు మంత్రాలయం అనుకుంటా ఉంటే ఆమెకు కావాల్సింది వారానికి మూడు రాత్రులు ఎనిమిదిన్నరకు నువ్వు కంచం ముందు కూర్చోవడం కావచ్చు. మీ అమ్మనూ అడుగు. నేను మా అమ్మను అడగలేదు, ఆమే అడిగింది, అయినా...

ఫోన్ గురించి ఒక్కమాట. ఒంటిమిట్టలో కోదండరాముడి కల్యాణం రాత్రిపూట చేస్తారు, 2015 నుంచి ప్రభుత్వ లాంఛనాలతో జరుగుతా ఉంది, జనం కిక్కిరిసి ఉంటారు. తలంబ్రాలు పోసే టైముకు నా పక్కన నిలబడినాయన పైపంచె చాటున ఫోన్ పెట్టుకొని, '38 సైజు నీలం అయిపోయింది, 40 చూపించు, కొంచెం కుట్టిస్తే సరిపోతుందని చెప్పు' అంటా ఉన్నాడు. వాళ్ల పాప ఆయన చెయ్యి పట్టుకొని గుంజుతోంది. ఆ మనిషి కల్యాణం చూసినట్టా, అంగట్లో ఉన్నట్టా?

నీ దగ్గర పనిచేసే పిల్లోళ్ల మాట నీ ప్రశ్నలో ఎక్కడా లేదు. నువ్వు పదిన్నరకు మూస్తే వాళ్లు పదకొండున్నరకు ఇల్లు చేరతారు, వాళ్లకూ అమ్మానాయనలుంటారు. వారానికి ఒకరోజు సెలవు చట్టం ఇచ్చిందే, నీ దయ కాదు. ముస్లిం పిల్లోడుంటే శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు గంటన్నర అడగకముందే వదులు. క్రిస్టియన్ పిల్లోడుంటే ఆదివారం పొద్దున. మన సీమలో ఇదేం కొత్త సంగతి కాదు. దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి ఉగాది పొద్దున ముస్లింలు కుటుంబాలతో వచ్చి, బీబీ నాంచారమ్మ తరఫున స్వామి మాకు అల్లుడని టెంకాయ కొట్టిపోతారు. అట్లాంటి చోట పుట్టి, మన అంగట్లో పిల్లోడిని నమాజుకు వదలడానికి లెక్క చూసుకోవడం బాగుండదు. పైగా వాళ్లకు టైమిచ్చిన అంగట్లో నువ్వు గురువారం లేకున్నా పని నడుస్తుంది. ఇవ్వని అంగట్లో నువ్వు వెనక్కి తిరిగితే చాలు, బీగాలు ఎక్కడున్నాయో కూడా ఎవరూ చెప్పరు.

ఇదంతా రోజు వడ్డీ ఫైనాన్స్‌లో ఇరుక్కున్నవాళ్లకు కాదు. పొద్దున తీసుకున్న పదివేలకు రాత్రికి కంతు కట్టాల్సినవాడికి తొమ్మిదికి మూసెయ్ అని చెప్పే హక్కు నాకు లేదు. వాళ్లు ముందు ఆ అప్పు తీర్చాలి, అది వేరే కథ. నీ రాతలో అప్పుల మాట లేదు కాబట్టి నీకు ఆ బాధ లేదనుకొని చెప్తున్నాను.

నీకైతే నేను చెప్పేది ఇది. నెలలో మొదటి గురువారం అంగడి మధ్యాహ్నం రెండుకు తెరువు. తెల్లారుజామున బయల్దేరితే మంత్రాలయం పోయి తుంగభద్రలో స్నానం, దర్శనం చేసుకొని మధ్యాహ్నానికి కర్నూలులో ఉండొచ్చు. మిగతా గురువారాలు మీ ఊళ్లోని మఠానికే పొద్దున ఏడుకు పో, తొమ్మిదికి అంగడి ఎత్తు, ఎవరికీ నష్టం లేదు. సీజన్ కాని రోజుల్లో రాత్రి తొమ్మిదికి షట్టర్. రెండు నెలలు చేసి మళ్లీ ఆ గంటల రిపోర్టు తీసి చూడు. పాత గిరాకీ కొంత సాయంత్రం ఏడుకే వస్తుంది, కొంత పక్క అంగడికి పోతుంది. ఏది ఎంతో అప్పుడు తెలుస్తుంది.

ఒక పని మాత్రం ముందే చెయ్. 'ప్రతి నెలా మొదటి గురువారం మధ్యాహ్నం 2 గంటలకు తెరవబడును' అని షట్టర్ మీద పెయింటర్‌తో రాయించు, అరచేయంత అక్షరాలు. కాగితం అంటించొద్దు. నేను 2010లో మొదట కాగితమే అంటించినాను, మార్చి నెలాఖరు రద్దీలో నా చేత్తోనే చింపేసినాను. పెయింటర్‌కు అప్పట్లో 150 ఇచ్చిన గుర్తు. ఇప్పుడు మీ ఊళ్లో ఎంతో కనుక్కో. పోయిన ఏడాది అమ్మకాలు ఎంతో, నెలనెలా రిటర్న్ వేస్తున్నావో మూడు నెలలకు వేస్తున్నావో రాయి, జీఎస్టీ సంగతి చూసి చెప్తాను. శుక్రవారం సాయంత్రం రాస్తే జవాబు శనివారం వస్తుంది.